చాక్ మత్రావి కుర్చీ

నురగ బాగా లేచింది. ఊరంతా చాక్, అంటే అన్న, అని పిలిచే మత్రావి బ్రష్షును గిన్నెలో ఇంకో చుట్టు తిప్పి, దుల్‌హాదీ ఎడమ చెంప దగ్గర మొదలుపెట్టి గడ్డం కిందుగా కుడి చెవిదాకా పూశాడు. పెదవి మీద పడ్డ నురగను చిటికెనవేలితో తుడిచాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. మంగలికత్తి విప్పి, గోడకు వేలాడే తోలుపట్టీ మీద అటూ ఇటూ నాలుగుసార్లు ఆడించాడు. బ్లేడు విరిచి పెట్టుకునే కత్తికి తోలుపట్టీతో పనిలేదు. అయినా చిన్ననాటి అలవాటు, వదల్లేదు.

కత్తిలో బ్లేడు లేదు.

ఆ సంగతి కుర్చీలో కూర్చున్న దుల్‌హాదీకి తెలుసు. పక్కన చెక్కబల్ల మీద తువ్వాళ్ళు మడతపెడుతున్న సూలిహాకు తెలుసు. ఎదుటి టీకొట్టు నడిపే యు తర్మికి, అంటే తర్మి అక్కకు, తెలుసు. కాలిమాస్ నది గట్టు మీద బస్తాలు మోసే పాతకాపుల్లో కొందరికి తెలుసు. తెలియనిది మత్రావి ఒక్కడికే.

దుల్‌హాదీ సైకిల్ రిక్షా తొక్కుతాడు. తెల్లారగానే ఇంటి కుళాయి దగ్గర గడ్డం గీసుకుని, తొక్కుకుంటూ వచ్చి, ఈ కుర్చీలో కూర్చుని, మళ్ళీ నురగ పూయించుకుంటాడు. కాళ్ళు బారచాపి, కళ్ళు మూసుకుని, అసలు గడ్డం ఉన్నవాడిలాగే చెంపలు బిగబడతాడు. ఇలా వంతులు వేసుకుని వచ్చేవాళ్ళు మరి కొందరున్నారు. యు తర్మి వాళ్ళను చూసి నవ్వేది. లోకంలో ఎక్కడైనా గడ్డం పెరిగితే మంగలి దగ్గరికి పోతారు, మీ మదురా దీవివాళ్ళు గీసుకున్నాక పోతారేమిటి అని ఆటపట్టించేది. ఆటపట్టిస్తూనే వాళ్ళ టీలో ఇంకో చెంచా పంచదార వేసేది.

మత్రావి కత్తిని చెంప మీద ఏటవాలుగా ఆనించి కిందికి లాగాడు. నురగ తెల్లని పొరలా మడతపడుతూ వచ్చింది. దాన్ని ఎడమచేతి వెనుక భాగం మీద రాసుకున్నాడు. మళ్ళీ లాగాడు. పని పూర్తయ్యాక పటిక ముక్క తడిపి చెంపలకు రుద్ది, వేళ్ళ వెనుక వైపుతో తడిమి చూశాడు. నున్నగా ఉంది. అతని ముఖం విప్పారింది.

"చూడు, ఎలా ఉందో. ఇంటికి వెళ్తే మీ ఆవిడ వేరే మొగుడు వచ్చాడనుకుంటుంది."

"అనుకోనీ చాక్. పాతవాడి మీద కోపంగా ఉంది," అన్నాడు దుల్‌హాదీ.

మత్రావి నవ్వాడు. నవ్వుతూనే అద్దంలోకి చూశాడు. అక్కడ ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, గళ్ళ లుంగీ, నల్లటోపీ. ఎండిపోయిన మెడ. ఆ ముసలాయన చాలాసేపటి నుంచి అక్కడే నిలబడి ఉన్నట్టు మత్రావికి గుర్తు. పాపం, అంత వయసు మనిషిని నిలబెట్టడం మర్యాద కాదు.

"ఆ పెద్దాయన్ని కూర్చోమను. తరువాత ఆయనదే," అని బల్ల మీది ఆడమనిషితో చెప్పాడు.

సూలిహా లేచింది. అద్దానికి ఒక పక్కగా తోసి ఉన్న పాత క్యాలెండరును మళ్ళీ మధ్యకు జరిపింది. ముసలాయన కనబడకుండా పోయాడు. "ఆయన టీ తాగడానికి వెళ్ళాడులే," అంది. కూర్చోబోతూ ఎడమ భుజం కిందుగా చేత్తో నొక్కుకుంది.

రాత్రి నుంచీ ఆమెకు అక్కడ పట్టేసినట్టుగా ఉంది. ఒంట్లో చలిగాలి చేరిందనుకుంది. పొద్దున్నే యు తర్మి కొట్టు వెనక్కి తీసుకుపోయి, వీపుకు కొబ్బరినూనె రాసి, ఆ గాలి దిగడానికి నాణెంతో ఎర్రని చారలు తేలేదాకా గీకింది. అంత ఎర్రగా తేలితే గాలి బాగా పట్టినట్టే, ఆసుపత్రికి పోయి చూపించుకోమంది. ఆయన్ని ఎవరికి అప్పగించి పోను అంది సూలిహా. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మత్రావి పదహారేళ్ళ వయసులో మదురా దీవి నుంచి లాంచీలో ఎదుటి ఒడ్డున జావాలో ఉన్న సురబాయ రేవుకు వచ్చాడు. చంకలో చెక్కపెట్టె, అందులో తండ్రి కత్తీ కత్తెరా. సంపాంగ్ దగ్గర వాళ్ళ ఊళ్ళో నేల సున్నపురాయి, మొక్కజొన్న తప్ప పండదు. మగపిల్లలు కాస్త ఎదిగితే రేవు దాటాల్సిందే. మొదట్లో నదిగట్టు మీద గిడ్డంగి గోడకు మేకు కొట్టి అద్దం తగిలించి, కింద పీట వేసి పని చేశాడు. వానొస్తే పీట నెత్తిన పెట్టుకుని చూరు కిందికి పరుగెత్తేవాడు. తరువాత అదే గోడకు ఆనించి రేకులు వేసి, పలకలు కొట్టి, గదిలాంటిది చేసుకున్నాడు. చీనావాళ్ళ పెద్ద సెలూను ఒకటి మూసేస్తుంటే అందులోని ఇనుప కుర్చీని కొన్నాడు. దాన్ని తెచ్చింది దుల్‌హాదీ తండ్రి, తన రిక్షాలో. కుర్చీ రిక్షాలో కూర్చుంటే, దాని వెనకే మత్రావి పెళ్ళికూతుర్ని దింపుకుంటున్నంత జాగ్రత్తగా నడిచాడని గట్టు మీద చాలాకాలం చెప్పుకున్నారు.

పెళ్ళికూతురు ఆ మరుసటేడు వచ్చింది. సూలిహా అప్పట్లో పాబేయన్ బజారులో ఎండుచేపలు అమ్మేది. గొంతు పెద్దది. బేరమాడేవాళ్ళు ఆమె దగ్గరికి వచ్చి, ఆమె నోరు విప్పగానే పక్క గంపకు జరిగేవాళ్ళు. మత్రావి మాత్రం ఏ బేరమూ ఆడకుండా ఇచ్చిన చేపలు పట్టుకుని పోయేవాడు. ఇంతటి అమాయకుణ్ణి వదిలేస్తే ఎవరో దోచుకుంటారని తానే పెళ్ళాడానని ఆమె చెప్పేది. ఒక్కతే కూతురు, ఇస్నాయినీ. ఇప్పుడు పక్క ఊరు గ్రెసిక్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మొగుడు లారీ తోలతాడు.

అంతే ఆ జీవితం. గడ్డాలు, క్రాఫులు, శుక్రవారం నమాజు, మొక్కజొన్న అన్నంలోకి ఎండుచేప.

తేడా ఎప్పుడు మొదలైందో సూలిహా చెప్పలేకపోయేది. ఒకరోజు సగం గడ్డం గీసి, తువ్వాలు దులిపి, అయిపోయిందన్నాడు. ఆ మనిషి పరాచికమనుకుని నవ్వాడు. ఇంకోరోజు దుకాణం నుంచి ఇంటికి బయలుదేరి, మధ్యలో ఉన్న రెండు సందుల్లో దారి తప్పి, చీకటి పడ్డాక అంపెల్ మసీదు అరుగు మీద దొరికాడు. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి మా అమ్మ వస్తుంది అని అక్కడివాళ్ళతో చెప్పాడట. వాళ్ళమ్మ పోయి ముప్ఫై ఏళ్ళు. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ మెదడు ముడుచుకుపోతోందని, అది తగ్గేది కాదని, కోప్పడవద్దని మెల్లగా చెప్పింది. సూలిహా ఆమె చెప్పినదంతా విని, ఇంటికి వచ్చి, ఆ రోజే కోప్పడింది. నన్ను గుర్తుపట్టవా అని అరిచింది. అతను బెదిరిపోయి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆ తరువాత ఆ ప్రశ్న ఆమె ఎప్పుడూ వెయ్యలేదు.

ఆపైన చెవి తెగింది. కుర్చీలో ఉన్నది చేపల గిడ్డంగి గుమాస్తా. కత్తి చెంప దాటి ఎందుకు అంత పైకి పోయిందో మత్రావికి తెలియదు. నెత్తురు చూసి అందరికంటే ఎక్కువగా అతనే హడలిపోయాడు. మర్నాటికి అతను మరిచిపోయాడు, గట్టు మరిచిపోలేదు. కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. మత్రావి రోజంతా గుమ్మంలో తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి, నడిచిపోయే ప్రతి మనిషినీ రమ్మని చూసేవాడు. దుకాణం మూసి ఇంట్లో కూర్చోబెడితే గోడల మీద వేళ్ళతో నురగ పూసేవాడు, అన్నం ముట్టేవాడు కాదు. ఇస్నాయినీ వచ్చి, ఇద్దరినీ గ్రెసిక్ తీసుకుపోతానంది. అక్కడ కుర్చీ ఉందా అంది సూలిహా. కూతురు ఏడ్చింది. సూలిహా ఏడవలేదు. కత్తిలో బ్లేడు తీసేసి, దుల్‌హాదీ రిక్షాకు అడ్డంగా నిలబడి, వచ్చి కుర్చీలో కూర్చోమంది.

ఆ వేళ దుల్‌హాదీ లేచి వెళ్ళాక ఎండ ముదిరింది. రేకులు వేడెక్కాయి. మత్రావి కత్తెర కడిగాడు. దువ్వెనలు కడిగాడు. కడిగిన దువ్వెనలను మళ్ళీ కడిగాడు. ఉన్నట్టుండి తలుపు దగ్గరికి వెళ్ళి నది వైపు చూశాడు. నీళ్ళు గోధుమరంగులో కదలకుండా ఉన్నాయి. దూరపు దీవుల నుంచి కలప తెచ్చిన చెక్క ఓడలు పక్కపక్కన కట్టి ఉన్నాయి. లాంచీ రేవు ఇటు వైపేనా? పెట్టె ఎక్కడ పెట్టాడు? లోపల ఏదో తొందర. దేనికో తెలియడం లేదు, కాళ్ళకు మాత్రం తెలిసినట్టుంది.

"నేను వెళ్ళాలి. అమ్మ ఒక్కతే ఉంది," అన్నాడు.

"సాయంత్రం అసర్ నమాజు అయ్యాకే లాంచీ. అందాకా పని చూసుకో," అంది సూలిహా.

ఆ మాటతో అతను కుదుటపడ్డాడు. ఆమె రోజూ అదే చెప్పేది. దీవికి వంతెన పడ్డాక ఆ లాంచీల రేవు పాడుబడిపోయింది. కానీ అసర్ వేళకు అతను లాంచీ సంగతి మరిచిపోతాడు, ఆ పూటకు గండం గడుస్తుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పింది. తను తినలేదు. చెమట పడుతోంది, నోరు చేదుగా ఉంది. అతనికి చేపముల్లు తీసి ముద్ద కలిపి ఇచ్చింది. తిన్నాక అతని మూతి తుడిచి, వేడి అల్లం టీ ఒకటి తెచ్చుకుంటానని, కుర్చీ దగ్గర నుంచి కదలవద్దని చెప్పి, రోడ్డు దాటి యు తర్మి కొట్టుకు వెళ్ళింది.

అప్పుడే ఒక ఓడ మనిషి వచ్చాడు.

దూరాన మకస్సర్ రేవు నుంచి వచ్చిన కొత్తవాడు. వారాల తరబడి పెరిగిన గడ్డం, ఉప్పుగాలికి గిడసబారిన ముఖం. గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చి, ఏమీ అడగకుండా కుర్చీలో వాలాడు. మత్రావి కళ్ళు మెరిశాయి. గుడ్డ కప్పాడు, మెడ దగ్గర ముడి వేశాడు. ఆ గడ్డం మీద బ్రష్షు ఆడుతుంటే గరగరమని శబ్దం వచ్చింది. ఎన్నాళ్ళకో విన్న శబ్దం. దాన్ని ఇంకాస్త వినడానికన్నట్టు నురగ మళ్ళీ పూశాడు. తోలుపట్టీ మీద కత్తి ఆడించి, చెంప మీద ఆనించి లాగాడు.

నురగ వచ్చింది. వెంట్రుకలు రాలేదు. మళ్ళీ లాగాడు. గట్టిగా లాగాడు. ఓడ మనిషి కళ్ళు తెరిచి, చెంప తడుముకుని, కత్తి వైపు చూశాడు.

"ఇందులో బ్లేడే లేదు కదా, చాక్," అన్నాడు.

మత్రావి కత్తిని వెలుతురులోకి ఎత్తి చూశాడు. బొటనవేలితో అంచు తడిమాడు. బ్లేడు ఉండాల్సిన చోట సన్నని చీలిక. వేలు దానిలోకి దిగింది, తెగలేదు. ఓడ మనిషి ముందు నవ్వాడు. నవ్వుతూనే మత్రావి ముఖం చూసి ఆపేశాడు. తువ్వాలుతో నురగ తుడుచుకుని, పోనీలెండి, మళ్ళీ వస్తాను అని, వచ్చిన దారినే తల వంచి వెళ్ళిపోయాడు.

సూలిహా టీ గ్లాసుతో తిరిగి వచ్చేసరికి మత్రావి గది మధ్యలో నిలబడి ఉన్నాడు. సొరుగులన్నీ లాగి ఉన్నాయి. చేతిలో కత్తి.

"పొద్దుట్నుంచి ఇక్కడ కూర్చున్నది నువ్వే. నా బ్లేడు ఎవరు తీశారు?"

అబద్ధం చెప్పడం ఆమెకు తేలిక. రోజూ చెప్పేదే. కానీ ఆ పూట చెప్పడానికి ఓపిక లేకపోయింది. పైగా అతను చాలా రోజుల తరువాత సూటిగా ఆమె కళ్ళలోకి చూసి అడుగుతున్నాడు.

"నేనే తీశాను."

"ఎందుకు?"

"నువ్వు ఒకాయన చెవి కోశావు."

"నేనా?" మత్రావి తన చేతిని చూసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు, అది ఎవరిదో తెలుసుకోవాలన్నట్టు. "నేను కోయను. మా నాన్న నాకు గుమ్మడికాయ మీద నేర్పాడు. గుమ్మడికాయ మీద కూడా గీత పడనిచ్చేవాడు కాదు."

సూలిహా లాగి ఉన్న సొరుగు ఒకటి మూసింది.

"అయితే వీళ్ళంతా ఎందుకు వస్తున్నారు?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది. "బ్లేడు లేకపోతే... వీళ్ళంతా నా దగ్గరికి ఎందుకు వస్తున్నారు?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది. కానీ ఏ ముక్క చెప్పినా అతను కూలిపోతాడు. అతను అప్పటికే గోడ వైపు తిరుగుతున్నాడు. భుజాలు ముడుచుకుపోతున్నాయి. ఇది తన దుకాణమేనా, ఆ మనిషి ఎందుకు నవ్వాడు, ఈ ఆడమనిషి ఎవరు, తను ఎక్కడికి వెళ్ళాలని బయలుదేరాడు, ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి, ఏదీ నిలబడడం లేదు.

సూలిహాకు ఒక్కసారిగా ఊపిరి అందలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. చేతికి అందిన కుర్చీని పట్టుకుంది. కాసేపు అలాగే వంగి నిలబడి, తరువాత మెల్లగా దాని మీద కూర్చుంది. దాన్ని ఆమె రోజూ తుడిచింది, చక్రాలకు నూనె పోసింది, తోలు చిరిగితే కుట్టింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు. అది మగవాళ్ళు కూర్చునేది.

"చాక్," అంది. పేరు లేకుండా, గిరాకీ పిలిచినట్టు పిలిచింది. "కాస్త నా జుట్టు దువ్వుతావా?"

మత్రావి వెనక్కి తిరిగాడు. కుర్చీలో ఎవరో ఉన్నారు. ఎవరైనా కుర్చీలో ఉంటే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. అయినా సందేహించాడు. ఆడవాళ్ళకు ఇక్కడ చెయ్యం అన్నాడు, మర్యాదగానే. తెర వెయ్యి, ఎవరూ చూడరులే అంది ఆమె. అతను వెళ్ళి గుమ్మానికి గుడ్డతెర లాగాడు. చేతులు కడుక్కున్నాడు. శుభ్రమైన గుడ్డ దులిపి ఆమె మీద కప్పి, మెడ దగ్గర వదులుగా ముడి వేశాడు.

ఆమె తలమీది ముసుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముడి విప్పింది. పల్చని తెల్లజుట్టు భుజాల కిందికి జారింది.

మనిషి పొట్టిది. తల వెనక ఆనే దిండు ఆమెకు అందలేదు, మెడ వేలాడుతోంది. మత్రావి అది గమనించాడు. కుర్చీ వెనక్కి వెళ్ళి, మర విప్పి, ఇనుప కడ్డీని కిందికి, ఇంకా కిందికి, ఇక దిగనంత కిందికి దించి, మర బిగించాడు. ఆమె తలను రెండు చేతులతో పట్టుకుని దిండు మీద ఆనించాడు.

"బాగుందా?"

"బాగుంది," అంది సూలిహా.

చివళ్ళ నుంచి మొదలుపెట్టాడు. చిక్కు తగిలితే పైన పిడికిలితో పట్టుకుని కింద దువ్వాడు, కుదురు లాగకుండా. గదిలో దువ్వెన చప్పుడు తప్ప ఏమీ లేదు. అతని భుజాలు దిగాయి. ముఖంలో కంగారు పోయింది. బ్లేడు సంగతి, ఓడ మనిషి సంగతి ఎటో పోయాయి. పని చేసేటప్పుడు గిరాకీతో రెండు మాటలు మాట్లాడడం అతని పద్ధతి.

"మా ఆవిడ జుట్టు కూడా ఇలాగే మెత్తన," అన్నాడు. "కాకపోతే ఎండుచేపల వాసన."

సూలిహా ఒళ్ళోని ముసుగు అంచును వేళ్ళకు చుట్టుకుంది. తరువాత అడిగింది. "మంచిదేనా?"

"నోరు కాస్త పెద్దది." దువ్వెన ఆగి, మళ్ళీ కదిలింది. "నేను ఇంటికి వెళ్ళేదాకా అన్నం తినదు. ఎంత పొద్దుపోయినా సరే. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

అద్దానికి క్యాలెండరు అడ్డంగా ఉంది. ఆమె ముఖం అతనికి కనబడలేదు.

"ఇవాళ్టి నుంచి తింటుందిలే," అంది ఆమె.

"తింటే మంచిదే," అన్నాడు మత్రావి.

మరి కాసేపు దువ్వాడు. ఆమె కళ్ళు మూసుకుంది. గుడ్డ కింద చెయ్యి ఒకసారి బిగుసుకుని వదులైంది. గొంతులో సన్నగా ఏదో అన్నట్టు వినిపించింది. ఒక పొడుగాటి ఊపిరి బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి రాలేదు. తల దిండు మీద మరికొంత బరువుగా ఒదిగింది.

నిద్రపోయింది అనుకున్నాడు మత్రావి. అతనికి సంతోషం కలిగింది. గిరాకీ కుర్చీలో కునుకు తీస్తే మంగలి చెయ్యి మంచిదని అర్థం. తండ్రి చెప్పేవాడు, పడుకున్నవాణ్ణి లేపకు, వాడు లేచేదాకా కుర్చీ వాడిదే అని. జుట్టును మూడు పాయలు చేసి వదులుగా అల్లి, ముందుకు తెచ్చి గుడ్డ మీద ఉంచాడు. నుదుటి మీద చెమట ఉంటే తువ్వాలు కొసతో అద్దాడు. ఉక్కగా ఉందని, అద్దం మీది క్యాలెండరు తీసి విసరసాగాడు. అద్దంలో ముసలాయన మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. అతనూ ఏదో విసురుతున్నాడు. మత్రావి అతని వైపు చూసి, చప్పుడు చెయ్యవద్దని పెదవి మీద వేలు పెట్టాడు. ముసలాయనా అలాగే వేలు పెట్టాడు. మంచివాడే.

అసర్ నమాజుకు అజాన్ పిలుపు వినిపించింది. విసరడం ఆపలేదు.

యు తర్మి ఖాళీ గ్లాసు కోసం వచ్చింది. తెర వేసి ఉండడం చూసి పిలిచింది. పలకకపోతే తెర తొలగించింది. గ్లాసులో టీ నిండుగా, మీగడ కట్టి ఉంది. కుర్చీలో సూలిహా. యు తర్మి రెండడుగులు వేసి ఆగిపోయింది. గుడ్డ అంచు నుంచి జారి ఉన్న చేతిని పట్టుకుంది. పాదాలు తాకి చూసింది. అరవలేదు. నోటికి ముసుగు కొస అడ్డం పెట్టుకుంది.

"మెల్లగా," అన్నాడు మత్రావి. "ఇప్పుడే నిద్ర పట్టింది. పాపం, పొద్దుట్నుంచి అలసిపోయి ఉంది."

యు తర్మి బయటికి వెళ్ళి దుల్‌హాదీని పిలిచింది. దుల్‌హాదీ వచ్చి, గుమ్మంలోనే నిలబడి, మన రాక దేవుడి దగ్గరినుంచే, మన పోక ఆయన దగ్గరికే అని ప్రార్థన చెప్పుకున్నాడు. మిగతా గట్టు మనుషులు వచ్చారు. ఎవరో ఇస్నాయినీకి ఫోను చేశారు. ఆమె వచ్చేదాకా సూలిహాను కదపలేదు, మత్రావిని కూడా కదపలేదు. అతను విసురుతూనే ఉన్నాడు. ఇంతమంది ఎందుకు వచ్చారో అతనికి అర్థం కాలేదు. ఒక్క కుర్చీయే ఉంది, ఇందరికి ఇవాళ అవదు, రేపు రమ్మని చెప్పాడు. సరే చాక్ అన్నారు వాళ్ళు. ఎవరూ కదలలేదు.

ఇస్నాయినీ ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చింది. తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. అంత ఏడుపుకూ గిరాకీ లేవకపోవడం చూసి మత్రావి క్యాలెండరు కిందికి దించాడు. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు. ఏదో జరిగింది. తను తప్ప అందరూ దాని లోపల ఉన్నారు. ఇస్నాయినీ లేచి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మ పోయింది, నాన్నా."

అతను ఆమెను చూశాడు. కుర్చీలోని మనిషిని చూశాడు. వంగి, చెంప మీద వేళ్ళ వెనుక వైపు ఆనించి తడిమాడు, గడ్డం గీశాక తడిమినట్టే. వేళ్ళు అక్కడే ఉండిపోయాయి. చాలాసేపు తియ్యలేదు.

"పాపం," అన్నాడు చివరికి. "వాళ్ళాయనకు చెప్పారా?"

ఇస్నాయినీ మళ్ళీ తల్లి మోకాళ్ళ మీద తల పెట్టింది. దుల్‌హాదీ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. యు తర్మి ఒక్కతే జవాబు చెప్పగలిగింది. "చెప్పాలి, చాక్. ఇంకా చెప్పలేదు."

"మెల్లగా చెప్పండి," అన్నాడు మత్రావి. "వయసు మళ్ళినవాడై ఉంటాడు."

గుడ్డ ముడి తనే విప్పాడు. ఇంకెవర్నీ విప్పనివ్వలేదు. మంచం తెచ్చి నలుగురూ ఆమెను ఎత్తుతుంటే తల జారకుండా కింద చెయ్యి పెట్టి గుమ్మందాకా నడిచాడు. గుమ్మం దగ్గర చెయ్యి తియ్యమంటే తీశాడు. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు ఉదయం నమాజు తరువాత ఖననం జరిగింది. అతనూ పిడికెడు మట్టి వేశాడు. పక్కవాళ్ళు వేశారు కనుక వేశాడో, ఇంకెందుకో, ఎవరికీ తెలియదు. అక్కడి నుంచే ఇస్నాయినీ మొగుడు అతన్ని తన లారీలో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని గ్రెసిక్ తీసుకుపోయాడు. ఎక్కేటప్పుడు మత్రావి పేచీ పెట్టలేదు. నదిగట్టు వెనక్కి పోతున్నంతసేపూ కిటికీ అద్దంలోంచి తొంగి చూశాడట. ఎవర్ని వెతుకుతున్నావు మామా అని అల్లుడు అడిగితే, రోజూ బల్ల మీద కూర్చునే ఆవిడ ఇవాళ రాలేదే అన్నాడట.

తాళం చెవి దుల్‌హాదీ దగ్గర ఉండిపోయింది. అప్పుడప్పుడు తలుపు తీసి దుమ్ము దులుపుతాడు. గది మధ్యలో ఇనుప కుర్చీ నిలబడి ఉంది, తలదిండు ఏ మగవాడి మెడకూ అందనంత కిందికి దిగి, ఒక పొట్టి మనిషి తల ఆనిన చోట కాస్త పల్లంగా.